నానో మందు గురించి వరలక్ష్మి గారు అడిగిన ప్రశ్న

అది 2007. అమలాపురంలో ఊరి పెద్దలు కలిసి నడిపే ఒక గ్రంథాలయంలో నేను లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. అప్పటికే మా హాలుకు పోటీ పరీక్షల గైడ్ల కోసం వచ్చేవాళ్ళే ఎక్కువ. సైన్సు, చరిత్ర, తత్వశాస్త్రం బీరువాలు తెరిపించేవాళ్ళు తక్కువ. ఆ ఏడు కమిటీ కార్యదర్శి గారు నన్ను వీడింగ్ చేయమన్నారు. పొలంలో కలుపు తీసినట్టు పనికిరాని పుస్తకాలను తీసేయడాన్నే మేం వీడింగ్ అంటాం. చిరిగిపోయినవీ కాలం చెల్లినవీ తీసేయడం మా పనిలో మామూలే. ఆయన తీసేయమన్నవి మాత్రం నిక్షేపంగా ఉన్న పుస్తకాలు.

"ఇవన్నీ ఎవరు చదువుతున్నారండీ? ఈ బీరువాలు తీసేస్తే హాలు మీటింగులకి అద్దెకిచ్చుకోవచ్చు," అన్నారాయన.

నేను ఒప్పుకోలేదు. అయినా మర్నాడు వచ్చేసరికి పుస్తకాలు కట్టలు కట్టి వెనక వరండాలో పడేసి ఉన్నాయి. పాత కాగితాల వ్యాపారి రావడమే తరువాయి.

ఆ వారంలోనే వరలక్ష్మి గారు వచ్చారు. ముమ్మిడివరం అవతల రొయ్యల చెరువు చేస్తున్న మనిషి. భర్త మస్కట్‌లో డ్రైవరు కావడంతో మేత దగ్గర్నుంచి రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి దాకా పనంతా ఆవిడదే. ఇంటరు చదివారు.

"నానో అంటే ఏంటో చెప్పే పుస్తకం ఉందాండీ?" అని అడిగారు.

"ఎందుకండీ?"

"మా వైపు ఒక డీలరు తిరుగుతున్నాడండి. నానో వెండి మందంట. చెరువులో పోస్తే రొయ్యకి ఏ తెగులూ రాదని చెప్పేడు. అందరూ కొంటున్నారు. అదేంటో తెలియకుండా నా నీళ్ళలో ఎలా పోస్తానండీ?"

అలాంటి పుస్తకం ఒకటి తెలుగులోనే ఉంది. వరండాలో కట్టలు విప్పి వెతికి తెచ్చాను. అది రిఫరెన్స్ పుస్తకం, అంటే ఇంటికి ఇవ్వం, ఇక్కడే కూర్చుని చదవాలి. ఆవిడ మధ్యాహ్నం మేత వేయించాక బస్సెక్కి వచ్చేవారు. ఒక్కో పేజీ రెండుసార్లు చదివేవారు. అర్థం కానిచోట నన్ను పిలిచేవారు, నాకూ అర్థం కాకపోతే ఇద్దరం కలిసి వెనక్కి వెళ్ళి మొదటినుంచి చదివేవాళ్ళం. వెంట్రుక మందాన్ని వేల ముక్కలు చేస్తే వచ్చేంత చిన్న కొలత నానో అని, అంత చిన్నదైనప్పుడు వెండి గుణమే మారిపోతుందని, క్రిముల్ని చంపే శక్తి పెరుగుతుందని ఉంది అందులో. అది మేలు చేసే క్రిమి, ఇది కీడు చేసే క్రిమి అని వెండి ఎంచుకోదని కూడా ఉంది.

ఆ వాక్యం దగ్గర ఆవిడ ఆగిపోయారు. "చెరువు అడుగున మిగిలిన మేత కుళ్ళకుండా తినేసేవి కూడా క్రిములే కదండీ? అవి పోతే నీళ్ళు విషమైపోవూ?"

ఆ పుస్తకంలో చెరువుల ప్రస్తావన లేదు. ఆ ముక్క ఆవిడ సొంతంగా ఆలోచించింది.

తర్వాత ఆదివారం ఆ డీలరు మీటింగు పెట్టింది మా హాలులోనే. బీరువాలు తీసేసిన చోట కుర్చీలు వేశారు. రైతులకు స్టీలు డబ్బాలు పంచారు. గోడ మీద రంగుల బొమ్మలు వేసి, విదేశాల్లో ఇదే వాడుతున్నారని చెప్పాడు. వరలక్ష్మి గారు లేచి తన ప్రశ్న అడిగారు.

డీలరు నవ్వాడు. "ఇది నానో అమ్మా! ఎవర్ని చంపాలో దానికి తెలుసు."

హాలంతా నవ్వింది. నేను పుస్తకం మైకు దగ్గరికి తీసుకెళ్ళి ఆ పేజీ పైకి చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలైనా పూర్తికాకుండా కార్యదర్శి గారు మైకు ఆపించారు. "మీరు లైబ్రేరియన్ అండీ, మీ పని మీరు చూసుకోండి," అన్నారు.

నా పని అదే కదా! ఉద్యోగంలో చేరిన నాటినుంచి నేను చేయవలసిన పని ఏదైనా ఉంటే అది ఆ నిమిషంలో ఆ పేజీ చదవడమే. ఆ సంగతి అక్కడే అరిచి చెప్పాను. ఎవరికీ వినబడలేదు.

వరలక్ష్మి గారు మందు కొనలేదు. చుట్టుపక్కల వాళ్ళందరూ కొన్నారు. కొన్నాళ్ళకి వాళ్ళ చెరువుల్లో రొయ్యలు ఊపిరాడక గట్ల అంచులకి చేరి చావడం మొదలైంది. భయపడిపోయి తూములెత్తి నీళ్ళన్నీ కాలవలోకి వదిలేశారు. ఆ సంగతి తెలియక వరలక్ష్మి గారు అదే కాలవ నుంచి తన చెరువుకి కొత్త నీళ్ళు పెట్టించుకున్నారు. ఆవిడ పంట కూడా పోయింది.

ఆ సీసాలో నిజంగా నానో వెండే ఉందో, రంగునీళ్ళే ఉన్నాయో నాకీరోజుకీ తెలియదు. పంట పోవడానికి అదే కారణమని రుజువు కూడా లేదు. పరీక్ష చేయించుదామంటే డీలరు అప్పటికే లేడు. శాస్త్రం మీద నాకు కోపం లేదు. తెలియని పేరును బోర్డు మీద రాసి, ఆ పేరంటే ఏమిటని అడిగిన మనిషిని నవ్వులపాలు చేసి అమ్ముకున్నవాడి మీద కోపం. వాడికి హాలిచ్చి, పుస్తకాలను వరండాలో పెట్టినవాళ్ళ మీద ఇంకా కోపం.

ఆవిడ మళ్ళీ వచ్చినప్పుడు ఓదార్చబోయాను. వినిపించుకోలేదు.

"నేనొక్కదాన్నీ చదివితే ఏం లాభమండీ? నీళ్ళు అందరివీను. ఆ పుస్తకం మా గట్టు మీదకి తెండి."

రిఫరెన్స్ పుస్తకం బయటికి తీసుకెళ్ళకూడదన్న నియమాన్ని మొదటిసారి కావాలనే దాటాను. ఆవిడ చెరువు గట్టు మీద, మేత బస్తాల పక్కన కూర్చుని చదివాను. వచ్చింది కొద్దిమందే. వాళ్ళలో మీటింగులో అందరికన్నా గట్టిగా నవ్విన పెద్దాయన ఒకరు. సగంలో చెయ్యెత్తి ఆపారు.

"ఆయ్, ఆ ముక్క ఇంకోసారి చదవండమ్మా. మెల్లిగా."

వరండాలోని కట్టల అమ్మకం కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. సంతకం లేకుండా పుస్తకాలు బయటికి పోవు గనక కార్యదర్శి గారు చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత మరో కంపెనీ హాలడిగితే, రైతుల ప్రశ్నలకి జవాబు చెప్పాకే మందు అమ్మాలని కమిటీ చేత షరతు పెట్టించాను. వాళ్ళు రాలేదు.

గంభీరమైన పుస్తకాలు ఇక ఎవరు చదువుతారని ఇప్పటికీ నన్నడుగుతుంటారు. అడిగినవాళ్ళకి నేను మర్యాదగా జవాబు చెప్పను. ఊళ్ళో ఒక్కరు చదివితే ఆ ఒక్కరి పంటైనా దక్కదని నేను కళ్ళారా చూశాను. చదివినది పదిమందిలో పైకి చదవాలి, మైకు ఆపేసినా సరే చదవాలి.