కోత పండుగకు దండ పడ్డ కరెంటు బండి

మొన్న హనుమకొండ చౌరస్తాలో కూరగాయల సంచీతో నిలబడి ఉంటే, పిల్లిలా వచ్చి ఒక బ్యాటరీ ఆటో నా మోచేతి పక్కన ఆగింది. "చప్పుడు రాని బండి అమ్మా, కొత్తగ కొన్న, ఎక్కుండ్రి" అన్నాడు డ్రైవరు. చప్పుడు రాని బండి కొత్తదట! మా చిన్నమ్మ అలాంటి బండితో ఏళ్ల తరబడి సవతిపోరు పడింది నాయనా అందామనుకున్నాను. సంచీ బరువుగా ఉండడంతో నోరు మూసుకుని ఎక్కి కూర్చున్నాను.

మా చిన్నాయన, అంటే మా బాపు తమ్ముడు, ఇక్కడి మిషన్ దవాఖానలో కాంపౌండరు. నేను హసన్‌పర్తి నుంచి వచ్చి వాళ్లింట్లో ఉండి డిగ్రీ చదువుకున్నాను. డెబ్బైలలో అక్కడ పనిచేసిన డాక్టరు దొరసాని ఒకామె, తోటలో గడ్డి కోయడానికి ఓడలో తెప్పించుకున్న చిన్న ట్రాక్టరును, తన దేశం పోతూ పోతూ దవాఖానకు వదిలేసింది. దానికి డీజిలు అక్కర్లేదు. లోపలున్న ఆరు బ్యాటరీలకు కరెంటు తాగిస్తే గడ్డి కోసేది, నీళ్ల పీపాలు మోసేది, కొత్త పంటలో దేవుడి వంతు చర్చికిచ్చే కోత పండుగనాడు, అందరి పంటా ఎక్కించిన బండిని ఆ చర్చి గుడి దాకా లాగేది. దాని తాళంచెవి దొరసాని మా చిన్నాయన చేతిలో పెట్టింది. ఇక చూడండి ఆయన సంబరం!

బ్యాటరీల్లో బావినీళ్లు పోస్తే పాడవుతాయని, తొలకరి వానలు నాలుగు పోనిచ్చి, ఆ తర్వాతి వాననీళ్లను పెరట్లో తెల్లబట్ట కట్టి గాజు సీసాల్లోకి పట్టేవాడు. చినుకు పడిందంటే చిన్నమ్మ ఆరేసిన బట్టల కోసం, ఆయన సీసాల కోసం పరుగు. ఇద్దరూ గుమ్మంలో ఢీకొనేవారు. బ్యాటరీ కొనల మీద తెల్లగా, నీలంగా పొడి పేరుకునేది. వంటసోడా కలిపిన వేడినీళ్లు పోస్తే అది బుస్సున పొంగేది. పాత బ్రష్షుతో రుద్ది, తుడిచి, పైన వాజ్‌లైను రాసేవాడు. సోడా, వాజ్‌లైను రెండూ చిన్నమ్మవే. ఒక క్రిస్మస్‌కు సోడా లేక కేకు ఇటుకలా దిగింది. "సలికి నా మొకం పగుల్తాంటే సూడడు గని, దానికి మాత్రం రోజూ వాజిలీను పూస్తాండు. నువ్వే చెప్పు బిడ్డా, ఈయన మనువాడింది నన్నా, దాన్నా?" అని నన్ను అడిగేది. నేను పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని.

ఎనభైలు వచ్చేసరికి బ్యాటరీలు ముసలివైపోయాయి. బండి గేటు దాకా పోయి మొరాయించేది. చర్చి సంఘ పెద్దలు ఒకటే మాట చెప్పారు: "ఈసారి కోత పండుగకు పంటను గుడి దాకా గుంజితే ఉంచుదాం. లేకుంటే తుక్కుకు అమ్ముడే." చిన్నాయనకు అన్నం సహించలేదు. దాచుకున్నదంతా పెట్టి వరంగల్ లారీల అడ్డాలో మూడు వాడిన బ్యాటరీలు కొన్నాడు. చిన్నవి ఆరు చేసే పని ఈ పెద్దవి మూడు చేస్తాయట. పాత తీగలు తోమి బిగించాడు. కరెంటు కోతల కాలం కదా, కరెంటు వస్తే మా ఫ్యానుకన్నా ముందు బండికే. పండుగ దాకా మేం విసనకర్రలతోనే గడిపాం.

పండుగనాడు వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు నింపిన బండిని లాగుతూ ట్రాక్టరు చప్పుడు లేకుండా గుడి ముందుకొచ్చి ఆగింది. చిన్నాయన కళ్లల్లో నీళ్లు. అది చూసి చిన్నమ్మకు ఏమైందో ఏమో, పాత పగలన్నీ మరిచి, బంతిపూల దండ ఒకటి తెచ్చి ట్రాక్టరు మెడలో వేసింది. కొంప మునిగింది అక్కడే. కోత పండుగనాడు దండ పడి గుడి ముందు నిలిచింది ఏదైనా దేవుడిదే, వేలం పాడాల్సిందే. అది మా సంఘం ఆనవాయితీ. ఎవరి కోడిని వాళ్లే ఎక్కువ పెట్టి పాడుకుని పోతారు, నిమ్మకాయకు కూడా చీర ధర పలుకుతుంది.

"దండ పడ్డది, ఇగ దేవుని సొత్తు. ఎవరు పాడుతరు?" అన్నాడు వేలం వేసే పెద్దాయన. అందరూ నవ్వారు. ఏటా కోళ్ల కోసం వచ్చే పాత ఇనుము సేటు మాత్రం నవ్వకుండా చెయ్యెత్తాడు. చిన్నాయన జేబు చూస్తే ఖాళీ. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

చిన్నమ్మ కొంగు బిగించి లేచింది. "దండేసింది నేను, పాడేది గూడ నేనే. మల్ల కోత పండుగ దాకా మా బర్రె పాలన్నీ దవాఖాన రోగులకే. సేటూ, నువ్వు కొంటే దాన్ని పలగ్గొడ్తవ్. దాంతోని మా ఆయన గూడ పలుగుతడు. కూసో!" సేటు కూర్చున్నాడు. ఒక గుమ్మడికాయ పాడుకుని పోయాడు.

ఆ ఏడాదంతా మేం డికాషనే తాగాం. చిన్నాయన ఒక్కనాడూ ముఖం చిట్లించలేదు. వాజ్‌లైను డబ్బా మాత్రం చిన్నమ్మే ట్రాక్టరు సీటు కింద పెట్టింది. "మంచిగ పుయ్యి, అది నా బండి" అని గద్దించేది. ఆ బండి ఇంకా చాలా కోత పండుగలు చూసింది.

ఇంటి ముందు ఆటో దిగుతూ, "బ్యాటరీ కొనలకు వాజ్‌లైను రాస్తున్నావా బాబూ?" అని అడిగాను. "మీకెట్ల ఎరుకమ్మా?" అని తెల్లబోయాడు. కాలం ఎప్పుడో ఒకప్పుడు అన్నింటినీ తుక్కు కింద పాడుకుంటుంది. మా చిన్నమ్మలాంటి వాళ్లు లేచి "కూసో" అంటే మాత్రం అదీ కాసేపు కూర్చుంటుంది.