ఎర్ర దారం లేని బ్యాటరీ

సరిహద్దు పోస్టులో అడుగుపెట్టినప్పుడు మధ్యాహ్నం రెండూ పది. సెప్టెంబరు. ఎత్తు పదిహేడు వేల అడుగులు. కింది క్యాంపు నుంచి నాలుగు రోజుల నడక. ఆరుగురం, ఒకే తాడు. వీపు మీద నా రేడియో సెట్టు.

పోస్టు అనగానే మీకు కోట లాంటిదేదో కళ్ల ముందు కదులుతుంది. అక్కడున్నవి మంచు గుట్ట మీద రెండు ఫైబర్ గుడిసెలు, ఒక కిరోసిన్ పొయ్యి, పన్నెండుమంది మనుషులు. నేను వెళ్లి వంటగదిలో కూలబడ్డాను. ఎవరో నా చేతిలో మగ్గు పెట్టారు.

"ఏ ఊరు తమ్మీ?"

"నెక్కొండ."

"అరె! మాది హనుమకొండ. జర మెల్లగ తాగు. జల్ది తాగితె వాంతైతది."

ఆ ఎత్తులో మన యాస వినేసరికి నాకు ఏడుపు వచ్చింది. సిగ్గుపడకుండానే చెబుతున్నాను. ఆయన మా వంటాయన. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. అందరికీ భాయ్, నాకూ భాయే.

వంటగది గోడకు తూటాల పెట్టె మూత ఒకటి అరలా బిగించి ఉండేది. దాని మీద వినాయకుడి పటం, అరబ్బీ అక్షరాల పటం, సిలువ, సిక్కుల గురువు పటం వరసగా ఉండేవి. ఫౌజులో అందరికీ ఒకటే గుడి. మంచులోకి ఎవరు వెళ్లినా ఆ అర ముందు సావధాన్‌లో నిలబడి రిపోర్టు ఇవ్వాలి. "ముగ్గురం పోతున్నం సాబ్." వచ్చాక, "ముగ్గురం వచ్చినం సాబ్." ఆఫీసరుకు చెప్పినట్టే. ఎప్పుడో ఎవరో మొదలుపెట్టారు, ఎవరూ మానలేదు.

నాకు నవ్వొచ్చేది. సిగ్నల్ వాణ్ణి, నా లెక్క నాది.

"రిపోర్టు ఎవరికి భాయ్? అవతల సెట్టు ఎత్తెటోడు ఉన్నడా?"

"చాయ్ మస్లుతాందంటె పొయ్యి అంటించినోడు ఉన్నట్టా, లేనట్టా?"

"మరి ఆ అంటించినోన్ని ఎవరు పుట్టిచ్చిండ్రు?"

"అట్ల అడుక్కుంట పోతె ఎక్కడనో ఓ కాడ మొదటి అగ్గిపుల్ల ఉండాలె కదా. లేకుంటె ఈ చాయ్ నీ చేతికి ఎట్ల వచ్చింది?"

"ఆ అగ్గిపుల్ల ఉత్త గాలే కావొచ్చు. అల్లానే ఎందుకు కావాలె?"

"సరె, తాడు సంగతి చెప్పు. మంచు పగులుతదో పగలదో ఎరుకలేదు. అయినా కట్టుకుంటవు కదా? కట్టుకుంటె పోయేదేంది?"

"తాడును చేత్తో పట్టుకోని చూస్త భాయ్. నీ తాడు కానరాదు."

చలికాలం సగం ఇలాగే గడిచింది. కిటికీ బయట అంతా తెలుపే. మాటలు ఆవిరై లేచేవి. ఏ మాట నాదో, ఏది ఆయనదో ఒక్కోసారి తెలిసేది కాదు.

ఒకరోజు నేను అసలు సంగతి చెప్పేశాను. మా చెల్లెకు తొమ్మిదేళ్లప్పుడు జ్వరం వచ్చింది. వరంగల్‌లో దవాఖానలో ఆరు రోజులు పెట్టాం. అమ్మ మొక్కని దేవుడు లేడు, దర్గాకు కూడా మొక్కింది. ఏడోరోజు చెల్లె లేదు.

"అవతల ఎవడన్న ఉంటె మా అమ్మ మాట విని గూడ ఊకున్నడన్నట్టే కదా భాయ్. అసుంటోడు ఉంటె ఎంత, లేకుంటె ఎంత?"

భాయ్ పొయ్యి మంట తగ్గించారు. గరిటె తుడిచి పక్కన పెట్టారు.

"దానికి నా కాడ జవాబు లేదు తమ్మీ. ఉన్నదంటె అబద్ధమైతది."

ఆ మాటతో ఆయన నాకు సొంత మనిషైపోయారు.

బ్యాటరీల గురించి కాస్త చెప్పాలి. ఆ చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. అందుకని ఒకదాన్ని ఎప్పుడూ బనియన్ లోపల, ఛాతీకి ఆనించుకొని ఉంచేవాణ్ణి. దానికి ఎర్ర దారం గుర్తు. బల్ల మీద చలిలో ఉన్నదానికి దారం ఉండదు, మహా అయితే అరగంట పనిచేస్తుంది. బయటికి వెళ్లేవాళ్లకు దారం ఉన్నదే ఇవ్వాలి. నా డ్యూటీలో అన్నిటికంటే చిన్న పని అది, అన్నిటికంటే పెద్ద పనీ అదే.

ఫిబ్రవరి. ఉదయం తొమ్మిదీ నలభై. దిగువన ఏడు వందల మీటర్ల దూరంలో కిరోసిన్ డబ్బాల నిల్వ ఉంది. ముగ్గురు బయల్దేరారు. దారి బాగా తెలిసినవాడని భాయ్ ముందు. బ్యాటరీలు రెండూ చేతుల్లోకి తీసుకుని చూశాను. ఒకటి హ్యాండ్‌సెట్టులో వేశాను, ఒకటి బనియన్‌లో పెట్టుకున్నాను. అర ముందు రిపోర్టు అయింది. తలుపు మూసుకుంది.

పదీ పదికి భాయ్ గొంతు. "డబ్బాలు దొరికినయ్. వాపస్ వస్త..." తర్వాత ఉత్త బుస్సుమనే చప్పుడు.

ఆ తర్వాత పదిహేనో నిమిషానికి గాలి లేచింది. ఆకాశం, నేల, దారి గుర్తుకు పాతిన జెండాల వరస, అన్నీ పోయాయి. కిటికీకి ఎవరో తెల్ల గుడ్డ కప్పినట్టుంది.

"పిలుస్తూనే ఉండు," అన్నారు పోస్టుకు పెద్దైన మా సుబేదార్ సాబ్ హిందీలో. "ఐదు నిమిషాలకోసారి. మనకు వినపడకపోయినా వాళ్లకు వినపడుతుండొచ్చు."

పిలిచాను. "జెండాల వరస కుడి భుజం వైపు ఉంచుకోండి. ఎడమ పక్క పగులు ఉంది. ఓవర్." జవాబు లేదు. ఐదు నిమిషాలు. మళ్లీ.

పదకొండున్నరకు పెన్సిలు కోసం చొక్కా లోపల చెయ్యి పెట్టాను. వేలికి దారం తగిలింది.

వెచ్చటి బ్యాటరీ నా దగ్గరే ఉంది. భాయ్‌కి ఇచ్చింది బల్ల మీది చల్లది. ఆ సెట్టు ఎప్పుడో చచ్చిపోయింది. నేను గంటకు పైగా ఎవరూ లేని చోటికి మాట్లాడుతున్నాను.

సుబేదార్ సాబ్‌కు చెప్పాలి. చెప్పలేదు. ఐదు నిమిషాలు కాగానే నా చెయ్యి దానంతటదే మీట నొక్కింది. ఎవరూ వినరని నిజంగా తెలిసి మాట్లాడడం అదే మొదటిసారి. ఆపితే మాత్రం వాళ్లను నేనే చంపినట్టు అనిపించింది.

చెప్పాల్సిన దారంతా చెప్పడం అయిపోయింది. తెలుగులోకి దిగాను. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు దించుతుంటే ఆటో అంతా తుమ్మడం గురించి చెప్పాను. నెక్కొండ స్టేషన్లో రైలు ఆగీ ఆగకముందే మా అమ్మ పరిగెత్తడం గురించి చెప్పాను. చెల్లె పేరు చెప్పాను. ప్రతిసారీ ఓవర్ అని మీట వదిలి పది అంకెలు లెక్కపెట్టేవాణ్ణి. నా గొంతు నాకే పక్క గుడిసెలోంచి వస్తున్నట్టుండేది. ఒక దశలో చెల్లె నా వెనక పొయ్యి దగ్గర కూర్చుని వింటోందనిపించింది. వెనక్కి తిరిగి చూడలేదు.

మధ్యాహ్నం మూడూ ఐదుకు తలుపు మీద మంచు గొడ్డలి చప్పుడైంది. మూడు ఆకారాలు, ఒక తాడు. భాయ్ ఎవరినీ చూడకుండా తిన్నగా అర ముందుకు వెళ్లి నిలబడ్డారు.

"ముగ్గురం వచ్చినం సాబ్."

కుడి చేతికి గ్లవ్ లేదు. రెండు వేళ్లు మైనంలా ఉన్నాయి.

"గ్లవ్ ఏది భాయ్?"

"గ్లవ్ తోని మీట నొక్కరాదు కదా తమ్మీ."

"సెట్టు సచ్చిపాయె కదా!"

"సచ్చింది. జెండాలు కానరాక మంచుగోడ చాటుకు నిలవడ్డం. ఐదు నిమిషాలకోసారి నువ్వు పిలుస్తాంటవని నాకెరుకే. ఎరుకై గూడ జవాబియ్యకుంటె ఎట్ల? గడియారం చూస్కుంట చెప్పిన, 'వింటాన తమ్మీ, వస్తాన, ఓవర్' అని. జర కూసుందామనిపిచ్చేది. కూసుంటె నిద్రొస్తది, నిద్రొస్తె అంతే. నీ ఐదు నిమిషాలు కూసోనియ్యలె. గాలి తగ్గినంక జెండా కండ్లవడ్డది."

మూడోరోజు హెలికాప్టర్ వచ్చింది. కింద ఆస్పత్రిలో ఆ రెండు వేళ్ల కొసలు తీసేశారు. 'చలికి బ్యాటరీ పనిచేయలేదు' అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. రాసినవాణ్ణి మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు.

సర్వీసు అయిపోయి వరంగల్ స్టేషన్లో దిగాను. భాయ్ అప్పటికే హనుమకొండలో చాయ్ దుకాణం పెట్టుకున్నారని తెలుసు. మొహం చెల్లక రెండేళ్లు ఆ వీధికే పోలేదు. ఒక ఉదయం ఆటో ఎక్కి వెళ్లాను. చూడగానే గ్లాసు అందించారు.

"రా తమ్మీ. జల్ది తాగకు."

జేబులోంచి ఎర్ర దారం తీసి బల్ల మీద పెట్టాను. "భాయ్, ఆ రోజు నేనిచ్చింది..."

"దారం లేనిది. సెట్టు బందైనప్పుడే తీసి చూసిన."

"మరి ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదేంది?"

"సాబ్‌కు చెప్తె నీ నౌకరి పోతుండె. పైనోనికైతె చెప్పిన."

"ఏమని?"

"పిలగాడు పిలుస్తనే ఉన్నడు, మాఫ్ చెయ్యుమని."

మా పాత జగడం గుర్తొచ్చింది.

"దీంతోని ఆయన ఉన్నట్టు తేలదు భాయ్."

"తేలుతదని నేనన్ననా? చాయ్ చల్లగైతాంది, తాగు."

తాగాను. నేను ఇంకా నమ్మను. ఇంట్లో అడిగినా, మిత్రులు అడిగినా అదే చెబుతాను. కానీ మిర్చి వాసన తగిలినా, రైలు కూత విన్నా, నేను కళ్లతో చూడనిది, చెవులతో విననిది ఒకటి వచ్చి నిలబడుతుంది. చుట్టూ తెలుపు. అందులో ఒక మనిషి ఆగి, గడియారం చూసుకొని, కుడి చేతి గ్లవ్ తీస్తున్నాడు.