ఇప్పపువ్వు తీసిన ఇప్పనూనె

మా కెమిస్ట్రీ మేడం పోయిన వారం కిరందుల్‌లోని తన ఇంట్లో, నిద్రలోనే కన్నుమూశారు. వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పేసరికి నేను సుక్మా కాలేజీ ల్యాబులో ఉన్నాను. ఏడ్చాను. కాసేపటికి నవ్వు కూడా వచ్చింది. ఆమెను ఎరిగినవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

ఆమె అక్కడి గనుల టౌన్‌షిప్‌లోనే పెరిగిన ఆంధ్రావాళ్ల అమ్మాయి. నేను గొల్లపల్లి పక్క పల్లెదాన్ని, మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని. క్లాసులో నా యాస విని ఎవరైనా నవ్వితే, "ఏంది నవ్వుతరు?" అని నా యాసలోనే గదమాయించేవారు. టీ గ్లాసు కడిగిన నీళ్లు కూడా పారబోయక కిటికీ కింద మిరపమొక్కకు పోసేవారు. "చెత్తను శుభ్రం చేయడం రెండో పని, అమ్మాయ్. పుట్టించకపోవడం మొదటి పని" అనేవారు. ఫ్యాక్టరీలు మూసేయాలని ఆమె ఎన్నడూ అనలేదు. వాటిలో వంట, అంటే సరుకు తయారుచేసే తీరు, మార్చాలనేవారు.

మా వదిన సుక్మా దగ్గర ఒక చిన్న నూనె మిల్లులో పనిచేస్తుంది. అక్కడ ఇప్పగింజల పిండిలోంచి నూనె లాగడానికి హెక్సేన్ వాడేవారు. పెట్రోలియం నుంచి వచ్చే ఆ ద్రవంలో నూనె కరుగుతుంది. తర్వాత కాచి, దాన్ని ఆవిరిగా వేరుచేస్తారు. ఆ ఆవిరి ఎంతో కొంత బయటికి వస్తూనే ఉండేది. సాయంత్రానికి వదినకు తల తిరిగేది.

"ఇంకో సీజన్ ఇట్లనే ఉంటే మానేస్త. మానేస్తే పిల్లల బడి ఎట్ల?" అనేది.

ఆ మాట మేడంకు చెప్పాను. ఆమె చాక్‌పీసు పక్కన పెట్టి, "మీ ఊళ్లో ఇప్పసారా కాస్తారుగా?" అన్నారు.

తెల్లబోయాను. "మీకా మేడం?"

"నాక్కాదే, గింజకి!"

ఇప్పపువ్వుతో కాసిన సారాను మళ్లీ మళ్లీ బట్టీలో కాచి, కాల్చిన సున్నంతో చివరి తడి కూడా తీసేస్తే మిగిలేది దాదాపు అచ్చమైన ఆల్కహాల్. అది వేడిగా ఉన్నప్పుడు నూనెను కరిగించుకుంటుంది. చల్లారితే నూనె తనంతట తానే విడిపోతుంది. అంతా ఆవిరి చేయనక్కర్లేదు గనక ఇంధనం తక్కువ పడుతుంది, అదే ఆల్కహాల్ మళ్లీ పనికొస్తుంది. పువ్వూ గింజా ఒకే చెట్టువి కదా అని మేడం చిన్నపిల్లలా సంబరపడ్డారు. అనుమతి కాగితాల కోసం కలెక్టరేట్ చుట్టూ తనే తిరిగారు.

ల్యాబులో పని కుదిరాక మిల్లు సేఠ్‌ను పిలిచాం. "ఏక్ బార్ చూస్త మేడంజీ. కాకపోతే మళ్లా ఈ బాత్ ఎత్తొద్దు" అన్నాడు.

ఆ రోజు నా ప్రయోగం చూడాలని మా నాయన కూడా వచ్చాడు. పిండిని ఆల్కహాల్‌లో వేడిచేశాం, వడకట్టాం, చల్లార్చాం. ఏమీ విడిపోలేదు. సేఠ్ గడియారం చూసుకున్నాడు. నాకు వదిన ముఖం గుర్తొచ్చింది.

మేడం ఆల్కహాల్ సీసా మూత తీసి వాసన చూశారు. "ఇందులో నీళ్లెవరు పోశారు?"

నాయన తన భుజానికున్న నీళ్ల సొరబుర్ర చూపించాడు. "నేనే మేడమమ్మా. సేఠ్‌కు తాగబోస్తరనుకున్న. గంత ఘాటు గొంతు కాల్తది గదా అని కలిపిన."

మా ఇంట్లో చుట్టానికి ఘాటు సారా ఉన్నదున్నట్టు పోయరు. నీళ్లు కలిపి ఇవ్వడమే మర్యాద.

"అరే కాకా, నా మీద ఎంత ప్రేమ!" అని సేఠ్ పగలబడి నవ్వాడు. మేడం ఇంకా గట్టిగా నవ్వారు.

"అన్నయ్యా, నేను ఎంత మొత్తుకున్నా ఈ పిల్లలకి ఎక్కని పాఠం మీరు చెప్పేశారు. నీళ్లు కలిస్తే నూనె కరగదు, రాదు! సేఠ్‌జీ, రేపు మీ మిల్లులో డ్రమ్ము మూత తెరిచిపెట్టినా ఇదే గతి. గాల్లో తడి చాలు."

ఉన్నదంతా ఒకే సీసాలో పోయడం ఆమెకు అలవాటు లేదు. బీరువాలోంచి రెండోది తీశారు. ఈసారి చల్లారుతున్న గాజుగ్లాసులో ముందు మబ్బు పట్టింది. తర్వాత అడుగున లేత పసుపు వెన్నలా నూనె పేరుకుంది. సేఠ్ గ్లాసు ఎత్తి వెలుగులో చూస్తుంటే నాయన కంగారుపడ్డాడు. "ఇది మాత్రం తాగకు సేఠ్!"

మిల్లులో మొదట చిన్న తొట్టి మారింది, మరుసటి సీజన్‌కు పెద్దది. వదిన పని మానలేదు. ఇబ్బందులు లేవని కాదు. నూనె కరగాలంటే ఆల్కహాల్ బాగా వేడెక్కాలి, తడి తగలకూడదు, నిప్పు దగ్గరికి రాకూడదు. ఇప్పుడు నా పరిశోధన వాటి మీదే. "మురిసిపోయింది చాలు, ఆల్కహాల్ ఎంత పోతోందో చూడు" అని మేడం చివరిసారి ఫోన్లో కూడా తొందరపెట్టారు.

మేడం పోయిన కబురు చెప్పడానికి మిల్లుకు వెళ్లాను. ఆడవాళ్లంతా పని ఆపారు. వదిన ప్రమిదలో కొత్త నూనె తీసుకుంది.

"ఈడ కాదే! మిల్లుల నిప్పు ముట్టిస్తే మేడం లేచొచ్చి తిడతది" అంది ఒకామె. అందరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

షిఫ్టు అయ్యాక రోడ్డు దాటి, దూరంగా నడిచి, ఒక రాతి మీద దీపం పెట్టారు. వదిన దాని ముందు కూర్చుని, గాలికి అరచేతులు అడ్డం పెట్టి, మా ఇంటి భాష దొర్లిలో పాట ఎత్తుకుంది. పొద్దుటినుంచి మిల్లులో పనిచేసి వచ్చిన మనిషి. అంత పొడుగు పాటనూ ఎక్కడా ఆగకుండా, గుండె నిండా ఊపిరి తీసుకుంటూ, చివరిదాకా పాడింది.