సిడ్నీ టెస్టూ, పీర్ సాహెబ్ బాబాయి ఎరుపూ

నాకు క్రికెట్ అంటే ఒళ్లు మంట. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే తర్వాత నేను టెండూల్కర్ గురించి మాట్లాడుతుంటే మీరు పొరబడతారు. మా ఆయన ఆటో నడుపుతాడు. మ్యాచ్ ఉన్న రోజు పెడన సెంటర్లో ఏ టీవీ కొట్టు ముందు ఆటో ఆగితే అక్కడే మా సంసారం కూడా ఆగిపోయినట్టు. గుడివాడ వెళ్లాల్సిన మనుషులు ఎండలో నిలబడి సణుగుతుంటే, "ఒక్క ఓవరండీ, ఒక్క ఓవర్" అని బతిమాలుతుంటాడు. అలాంటి ఆట కోసం నేను ఒకసారి దేవుడికి మొక్కుకున్నాను. అదీ పీర్ సాహెబ్ బాబాయి వల్లే.

బాబాయి అంటే చుట్టరికం ఏమీ లేదు. పెడనలో శోభనాద్రి గారి కలంకారీ షెడ్డులో ఒకే బల్ల దగ్గర ఆయనా నేనూ ఏళ్ల తరబడి పనిచేశాం. గుడ్డ మీద ముందు నల్లటి గీత పడాలి. కొమ్మ, ఆకు, పువ్వు అంచు, అన్నీ ఆ గీతే. దాన్ని మేం రేఖ అంటాం. చెక్క అచ్చుతో రేఖ వేసేది బాబాయి. ఆయన వెనకాలే నేను నింపుడు అచ్చు పట్టుకుని, పువ్వుల లోపల పటిక నీళ్లు అద్దుకుంటూ వచ్చేదాన్ని. రేఖ వేసేవాడికి షెడ్డులో ఉండే మర్యాదే వేరు. శోభనాద్రి గారంతటివారు ఆగి, "ఏం సాయిబు గారూ, టీ తాగారా" అని అడిగి మరీ వెళ్లేవారు. మేమైతే "ఏయ్ అమ్మాయ్". నాకు ఉక్రోషంగానే ఉండేది. కానీ బాబాయి వేసిన గీత చూశాక ఆ ఉక్రోషం నిలిచేది కాదు. అచ్చు పక్కన అచ్చు పెడితే అతుకు ఎక్కడుందో వెతికినా దొరికేది కాదు.

రెండువేల మూడు వానాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. బందరు ఆస్పత్రిలో చేర్చారు. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది, కుడి చెయ్యి మాత్రం మొండికేసింది. దసరా వెళ్లాక ఒకరోజు షెడ్డుకి వచ్చి, ఎవరినీ పలకరించకుండా రేఖ అచ్చు అందుకున్నాడు. మొదటి అచ్చు చక్కగా పడింది. రెండోది దించేటప్పుడు మణికట్టు వణికింది. ఒక గీత పడాల్సిన చోట రెండు పడ్డాయి. నలుపు అద్దిన మరుక్షణమే కనపడిపోతుంది, దాచడానికి లేదు. మేమంతా తలలు వంచుకుని ఎవరి పనిలో వాళ్లం మునిగిపోయినట్టు ఉండిపోయాం. ఆయన అచ్చు కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

డిసెంబర్లో మహమూదా పిన్ని మా ఇంటికి వచ్చింది. బాబాయి భార్య. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి ఆ రోజు గుమ్మంలోనే చతికిలబడిపోయింది.

"ఇండియా వాళ్లు ఆస్ట్రేలియాలో ఆడుతున్నారంట కదమ్మా. తెల్లారకముందే లేచి టీవీ ముందు కూర్చుంటున్నారు. మ్యాచ్ లేని రోజు గోడకేసి చూస్తుంటారు. పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు. షెడ్డు మాటెత్తితే లేచి బయటికెళ్లిపోతారు. మనిషి నా కళ్లముందే అయిపోతున్నారు సత్యవతీ. నువ్వు చెబితే వింటారేమో."

రోజూ షెడ్డుకి వెళ్లేముందు వాళ్లింటికి వెళ్లడం మొదలుపెట్టాను. వెళ్లినప్పుడల్లా ఆ టీవీలో తెల్లబట్టల వాళ్లు ఎండలో నిలబడి ఉండేవారు. అదేం ఆట, పొద్దస్తమానం నిలబడటమే. ఆ పర్యటనలో మనవాళ్లు మంచి ఊపు మీద ఉన్నారట. అడిలైడ్‌లో ద్రావిడ్, లక్ష్మణ్ దంచికొట్టి మ్యాచ్ గెలిపించారని మా ఆయన ఆటోకి చామంతి దండ వేసి ఊరేగాడు. బాబాయికి అవేం పట్టలేదు. ఆయన దిగులంతా టెండూల్కర్ గురించే. ఒకసారి సున్నా అట, ఒకసారి ఒకటి అట.

"ఫామ్ పోయిందమ్మా వీడికి. బయటికి పోయే బంతిని ముందుకొచ్చి కవర్స్‌లోకి కొడతాడు చూడు, అంత అందంగా ఎవడూ కొట్టలేడు. ఇప్పుడది కుదరట్లేదు. అయినా దాన్నే పట్టుకుని వేళ్లాడుతున్నాడు" అని ఒకరోజు టీవీ వంక చూస్తూ తిట్టాడు.

నా నోరు ఊరుకోదు కదా. "మీరు చేస్తున్నది మాత్రం ఏమిటి బాబాయ్? రేఖ కాకపోతే నింపుడు వెయ్యండి. వణుకు ఉన్నా పెద్ద అచ్చు పట్టుకోవచ్చు. షెడ్డుకి రండి" అన్నాను.

ఆయన మొహం నల్లబడింది. "నేను రేఖ వేసినవాణ్ణి. నీ వెనక నిలబడి పువ్వుల్లో మరకలు పెట్టమంటావా?"

"ఆ మరకలు పెట్టుకునే నేను పిల్లల్ని పెంచాను. అది అంత నామోషీ అయితే ఇన్నేళ్లూ నా పక్కన ఎలా నిలబడ్డారు?" అని లేచి వచ్చేశాను. ఆ తర్వాత వాళ్ల వీధిలోకి కూడా వెళ్లలేదు. కోపమే కాదు, మనసు నొచ్చుకుంది.

కొత్త సంవత్సరం వచ్చిన రెండు రోజులకి, శనివారం పొద్దున, పిన్ని కబురు పెట్టింది. బాబాయి పిలుస్తున్నాడని. వెళ్లకూడదు అనుకుంటూనే వెళ్లాను.

"కూర్చోమ్మా. ఇటు చూడు" అన్నాడు. మొన్నటి మాటల ఊసే లేదు. సిడ్నీలో టెస్టు. టెండూల్కర్ ముందురోజు నుంచీ ఆడుతూనే ఉన్నాడట, వంద ఎప్పుడో దాటిందట. "బయటికి పోయే బంతి వచ్చిందా, వదిలేస్తున్నాడు. చూడు, మళ్లీ వదిలేశాడు. నిన్నట్నుంచీ కళ్లార్పకుండా చూస్తున్నా, ఆ కవర్ డ్రైవ్ కొట్టట్లేదు."

"కొట్టకపోతే ఏమైంది?"

"వాడికి పేరు తెచ్చిన షాట్ అమ్మా అది." బాబాయి టీవీ వైపు వేలు చూపించాడు. "అంత పేరున్నోడు దాన్ని పక్కన పెట్టాడు. మిగతావాటితో ఆడుతున్నాడు. జనమంతా చూస్తుంటే. సిగ్గుపడట్లేదు."

నాకు బంతి ఎటు పోతుందో కూడా తెలియదు. కానీ ఆయన మొహం తెలుసు. ఆ మొహంలో ఏదో కదులుతోంది, ఇప్పుడు ఆ టీవీలో మనిషి అవుటయితే అది అక్కడే ఆగిపోతుందని భయమేసింది. చిలకలపూడి పాండురంగడికి మొక్కుకున్నాను, ఇవాళ ఈ ఒక్కడినీ కాపాడు స్వామీ అని. తర్వాత మా ఆయన చెప్పాడు, రెండొందల నలభై ఒకటి కొట్టి, అవుట్ కాకుండానే ఉండిపోయాడట.

సోమవారం పొద్దున్న నేను పటిక నీళ్లు కలుపుతుంటే పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే బాబాయి. తన వైపు కాదు, బల్లకి నా వైపు.

"నింపుడు అచ్చు ఇటివ్వు."

"మరి రేఖ?"

"నువ్వెయ్యి."

"నాకు రాదు బాబాయ్."

"ఇన్నేళ్లు నా పక్కన నిలబడి రాదంటే నన్ను తిట్టినట్టేనమ్మా."

శోభనాద్రి గారు దూరం నుంచి చూసి, ఏమనుకున్నారో, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. నేను నల్లరంగులో అచ్చు ముంచాను. గుడ్డ అంచు వరకూ ఎలాగో సాగింది. మూల తిరిగే చోట అచ్చు జారింది. పువ్వు అంచు వంకరపోయింది. నల్లగా, అందరికీ కనపడేలా. అచ్చు పట్టుకుని ఆగిపోయాను.

"ఆగకు. ముందుకెళ్లు" అన్నాడు వెనక నుంచి.

ఆయన ఎడమ చేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని అద్దుకుంటూ వచ్చాడు. పటికతో వచ్చిన చిక్కు ఏమిటంటే, అద్దినప్పుడు అది కనపడీ కనపడకుండా ఉంటుంది. గుడ్డని ఆరబెట్టి, పారే కాలువలో జాడించి, రంగునిచ్చే చెక్క వేసి రాగి కాగులో ఉడికిస్తే అప్పుడు పటిక పడిన చోటల్లా ఎరుపు తేలుతుంది. చెయ్యి కుదిరిందో వణికిందో అప్పటిదాకా వేసినవాడికి కూడా తెలియదు. ఆ ఆరబెట్టిన రోజులన్నీ ఆయన షెడ్డుకి వచ్చాడు. కొత్త గుడ్డ ముట్టుకోలేదు. ఎరుపు చూశాకే ఏదైనా అన్నట్టు కూర్చున్నాడు. ఈసారి వెళ్లిపోతే ఇక రాడని నాకు తెలుసు.

ఉడకబెట్టిన రోజు మహమూదా పిన్ని క్యారియర్ తెచ్చి, కూర్చోకుండా పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. కర్రలతో గుడ్డ పైకి తీసి, నీళ్లు కారుతుండగానే గడ్డి మీద పరిచాం. పువ్వుల నిండా ఎరుపు. పొందిగ్గా, గీత లోపల. నా గీత వంకరపోయిన మూల దగ్గరికి పరుగెత్తాను. అక్కడ ఎరుపు నా వంకర గీతతో పాటు పోలేదు. పువ్వు ఎక్కడిదాకా ఉండాలో అక్కడే ఆగింది. దూరం నుంచి చూస్తే పువ్వే కనపడుతోంది, నా తప్పు కనపడటం లేదు.

కానీ మధ్యలో రెండు చోట్ల ఎరుపు గీత దాటి ఒలికింది. చెయ్యి వణికిన చోట్లు. బాబాయి వాటి దగ్గర గొంతుకూర్చున్నాడు. వేలితో తడిమి చూశాడు. ఈసారి మేమెవ్వరమూ తలలు వంచుకోలేదు. పిన్ని గుంజ వదల్లేదు.

"ఈ రెండూ నావి" అన్నాడు చివరికి. "ఆ మూల నీది."

"అవును బాబాయ్."

మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు. "రేపు ఏం వేస్తున్నాం?"

"మళ్లీ ఇదే డిజైను. ఈసారి మూల సరిగ్గా వేస్తాను" అన్నాను.

"నేనూ" అన్నాడు.