నర్సమ్మగారి కారులో తడి

మా బాబాయి పాత కార్ల మెకానిక్కు. అయినా కారు రాగానే అందరిలా బానెట్ ఎత్తేవాడు కాదు. తలుపు తీసి, తల లోపలికి దూర్చి, కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చేవాడు. తల బయటికి తీసేసరికి తీర్పు సిద్ధం. "గేరు ఆయిల్. కుళ్ళిన వెల్లుల్లి వాసన రావట్లా? ఇక్కణ్ణించి కదపకు." బ్రేకు ఆయిల్ ఎలా ఉంటుందో, కార్పెట్ కిందికి పెట్రోలు చేరితే ఎలా ఉంటుందో, ఇంజన్ను చల్లబరిచే కూలెంట్ కారులోకి కారితే పాకం వాసన ఎలా వస్తుందో ఆయనకి కొట్టిన పిండి. అందుకే అందరికీ ఆయన ముక్కు బాబాయి అయిపోయాడు. ఆయన కన్నా పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. అసలు పేరు పిన్నికైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే.

షెడ్డుకి ఆనుకునే నా స్పేర్ పార్టుల కొట్టు. మధ్య గోడకి ఒక కిటికీ ఉంది. పానాలు, బోల్టులు, తిట్లు అన్నీ అందులోంచే అటూ ఇటూ నడుస్తాయి. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని కళ్ళజోడేదని నామీద అరిచే మనిషి ఆయన. నాకూ నోరు తక్కువేం కాదు. మేమిద్దరం మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్ళు పోట్లాట అనుకుని విడదీయడానికి వస్తారు.

అలాంటి మనిషికి పోయిన వర్షాకాలంలో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, జలుబు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు షెడ్డు మూలన స్టవ్ మీద పాలు మాడి బొగ్గయిపోతుంటే, మూరెడు దూరంలో కూర్చుని తాపీగా పేపరు చదువుకుంటున్నాడు. కిటికీలోంచి చూశాను. పరిగెత్తుకెళ్ళి స్టవ్ కట్టేశాను. "ఇప్పుడే కట్టేద్దామనుకుంటున్నా" అన్నాడు, పేపరులోంచి తల ఎత్తకుండా.

ఆ సాయంత్రమే పిన్నితో చెప్పాను. ఆమె ముక్కున వేలేసుకుంటుందనుకుంటే, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "నాకెప్పుడో తెలుసే" అంది. "మొన్న కూర అడుగంటింది. ఈయన బ్రహ్మాండంగా ఉందని మళ్ళీ వేయించుకున్నాడు. నువ్వు మాత్రం నోరు విప్పకు. ఆ ముక్కు లేకపోతే ఆయనకి ఆయనే లేడు."

సరే, విప్పలేదు. కానీ ముక్కు లేని మెకానిక్కుని ఊరికే వదిలేస్తే ఎలా? అందుకని కారు తెచ్చినవాళ్ళని ముందు నా కొట్టు దగ్గరే ఆపేదాన్ని. "లోపల ఏం వాసన వస్తోందో మాటల్లో మాటగా ఆయన చెవిన వెయ్యండి. అంతకంటే ఏమీ అడక్కండి" అని చెప్పేదాన్ని. వాళ్ళూ పాపం అలాగే, "బాబాయ్, ఏంటో కాలిన వైరు వాసనలా ఉంది" అని వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పేవాళ్ళు. ఈయన తల లోపలికి దూర్చి, పాత పద్ధతిలోనే పీల్చి, "అవును, కాలిన వైరే" అనేవాడు. టీ కొట్టాయన నోట్లో నువ్వుగింజ నానదు, అలాంటివాడు కూడా ఈ ఒక్క సంగతిలో పెదవి కుట్టేసుకున్నాడు. ఇంతమందిమి కలిసి ఒక మనిషికి ముక్కు తయారుచేసి పెట్టామని నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

అప్పుడొచ్చింది నర్సమ్మగారి కారు. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కట్లు కట్టి, మందులిచ్చి వచ్చే మనిషి ఆవిడ. కారు ఆవిడ పెళ్ళినాటిది. ఎడమవైపు సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట కార్పెట్ తడిసి ముద్దగా ఉంది.

"ఎక్కడ్నించి వస్తోందో తెలీట్లేదు బాబాయ్. తియ్యగా ఏదో వాసన కూడా" అన్నారు ఆవిడ.

నేనూ వంగి చూశాను. తియ్యగానే ఉంది. క్యారియరు తెచ్చిన పిన్ని కూడా ఏదో పడిపోయినట్టు వంగి, "అబ్బ, పాకం పట్టినట్టుందమ్మా!" అని గట్టిగా అంది. బాబాయి తల దూర్చి, పీల్చి, తేల్చేశాడు. "కూలెంటే. డ్యాష్‌బోర్డు వెనకాల హీటరు పెట్టె ఉంటుంది, కూలెంట్ దాంట్లోంచే తిరుగుతుంది. అది చిల్లుపడింది."

ఆ పెట్టె మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. పాత కార్లలో అది ఊడదీయడం ఒక ఎత్తు, తిరిగి బిగించడం పది ఎత్తులు. మరమేకులు టీ గ్లాసుల్లో వేసుకుని, వైర్లకి రంగు దారాలు కట్టుకుని, నడుం పట్టేసినా కారుని బుజ్జగిస్తూ మొత్తానికి కొత్త పెట్టె బిగించాడు. ఆయనకీ కారుకీ తలప్రాణం తోకకొచ్చింది. నర్సమ్మగారు దణ్ణం పెట్టి తీసుకెళ్ళారు.

వారం తిరక్కుండా వెనక్కి తెచ్చారు. "మళ్ళీ తడి బాబాయ్. అదే వాసన."

బాబాయి కారెక్కి ఎడమ సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఎంతసేపటికీ దిగడే! చివరికి నేనే వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. ఆయన తడి వేళ్ళని ముక్కు దగ్గర పెట్టుకుని ఉన్నాడు.

"నాకు వాసన తెలీట్లేదే" అన్నాడు.

"తెలుసు బాబాయ్."

నా వైపు తిరిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"పాలు మాడిన రోజునే."

"మీ పిన్నికి చెప్పావా?"

"ఆవిడకి నాకన్నా ముందే తెలుసు."

"ఇంకెవరికి తెలుసు?"

నేను బయటికి చూశాను. అద్దంలోంచి టీ కొట్టాయన కనిపిస్తున్నాడు. మా వైపు చూడనట్టు నటిస్తూ, కడిగిన గ్లాసే మళ్ళీ కడుగుతున్నాడు.

"వాడికి కూడానా!" అని బాబాయి అరిచాడు. "అంటే అందరూ వచ్చి వాసన ఇదీ, వాసన అదీ అని చెప్పింది... నా మొహం చూసి జాలిపడా? నా షెడ్డులో నేనొక్కణ్ణే వెర్రివాణ్ణా?"

"జాలి కాదు..."

"నోర్ముయ్."  అది విని నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద కోపమూ వచ్చింది. ఇంత చేస్తే ఇదా అని. "ఈ ఒక్క కారు పని చూసి షట్టరు దించేస్తాను. కారు లోపల తడి ఏంటో చెప్పలేనివాడికి షెడ్డెందుకు? ఎండకీ వానకీ ఇది పొడిగా ఉంటే సరే. లేదంటే తాళం నీ చేతికిస్తా, అమ్ముకో."

ఆయన ఊరికే బెదిరించే రకం కాదు. అన్నాడంటే చేస్తాడు. పని లేకుండా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న బాబాయిని ఊహించుకోలేకపోయాను.

ఇంతలో ఆయనే, "తియ్యగా ఉందని ముందు ఎవరన్నారు?" అన్నాడు.

"నర్సమ్మగారు. తర్వాత నేను, తర్వాత పిన్ని."

"మూడు ముక్కులు. కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గిందో లేదో ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. ఆయనా చూడలేదు. ఇన్నేళ్ళూ చూడాల్సిన అవసరమే రాలేదు, ముక్కుతోనే అయిపోయేది. దిగివెళ్ళి బానెట్ ఎత్తాడు. కొత్త పెట్టె బిగించిన రోజు నింపిన చోటే ఉంది కూలెంట్, చుక్క తగ్గలేదు.

"మీ ముక్కులన్నీ కొట్లో పెట్టి రండి" అన్నాడు. ఇక అప్పుడు చూడాలి ఆయన్ని. సీటు ఊడదీశాడు, కార్పెట్ తీసి ఎండలో పడేశాడు, ఇనప నేలంతా గుడ్డతో తుడిచి పొడిగా చేశాడు. లోపలి గోడ మీద పైనుంచి కింది దాకా, పసిపిల్లకి రాసినట్టు టాల్కం పౌడరు అద్దాడు. తర్వాత తల కిందికీ కాళ్ళు వెనక సీటు మీదికీ పెట్టి, టార్చి పట్టుకుని పడుకున్నాడు.

"తడి ఎక్కడ ఎక్కువుందో అని కాదే, ఎక్కడ మొదలైందో చూడాలి. నీళ్ళు పట్టు. కింది నుంచి పైకి రా. తొందరపడ్డావో చంపుతా."

నేను రబ్బరు పైపుతో ముందు తలుపు కింది అంచు మీద పోశాను. "ఏం లేదు." ముందు చక్రం పైన రేకు మీద పోశాను. "ఏం లేదు. పైకి రా." బానెట్‌కీ ముందద్దానికీ మధ్య, వైపర్ల కింద ఒక పల్లం ఉంటుంది, అందులో పోశాను. పోస్తూనే ఉన్నాను.

"ఆపు, ఆపు! వచ్చింది!"

నేనూ తల దూర్చాను. తెల్లటి పౌడరులో పైనుంచి సన్నటి గీత ఒకటి దిగుతోంది. బయటి గాలి లోపలికొచ్చే రంధ్రం దగ్గర మొదలైంది. పల్లంలో నీళ్ళు పోయే దారిని ఎండుటాకులు కుళ్ళి మూసేశాయి. నర్సమ్మగారి కారు ఉండేది చెట్టు కిందే. వాన నీళ్ళు అక్కడే నిలిచి, కారు మలుపు తిరిగినప్పుడల్లా కాస్త కాస్త లోపలికి ఒలికేవి. అందుకే ఎండ కాసిన రోజుల్లో కూడా తడి.

"మరి వాసన?" అన్నారు నర్సమ్మగారు.

బాబాయి కార్పెట్ తిరగేసి, కింద అంటుకున్న మెత్తటి పొర చూపించాడు. గోధుమ రంగు మరక, గట్టిగా అట్టకట్టి ఉంది. ఆవిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. "అయ్యో నా మతిమరుపు! దగ్గు మందు సీసా ఒలికింది బాబాయ్, ఎప్పుడో! పైన తుడిచేశాను, అయిపోయిందనుకున్నా."

వాన నీళ్ళు తగిలినప్పుడల్లా ఆ మందు నాని వాసన కొడుతోంది. ముక్కులున్న ముగ్గురం కలిసి ముక్కు లేనాయన చేత డ్యాష్‌బోర్డు ఊడదీయించాం. పిన్నికి ఈ సంగతి చెబితే నవ్వలేక, ఏడవలేక కూర్చుంది.

ఆకులు తీశాడు, నీళ్ళు పోయే దారి తీగతో శుభ్రం చేశాడు, రంధ్రం చుట్టూ కొత్త రబ్బరు వేశాడు. అయినా షట్టరు సగం మాత్రమే ఎత్తేవాడు. కొత్త పని ఒప్పుకోలేదు. "వాన పడనీ" అనేవాడు. వాన మాత్రం మా అందరి మీదా కక్ష కట్టినట్టు రాదు. నేను రోజూ ఆకాశం చూసి తిట్టుకున్నాను.

వచ్చింది చివరికి, ఒక మధ్యాహ్నం, కుండపోతగా. కాస్త తెరిపివ్వగానే నర్సమ్మగారు కారు తెచ్చి షెడ్డు ముందు ఆపి, దిగి నా కొట్లోకి వచ్చారు. బాబాయి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు కానీ పక్కకి వంగి చూసే ధైర్యం చేయలేదు. అప్పుడే క్యారియరు తెచ్చిన పిన్ని గొడుగు ముడిచి, చెప్పులు విప్పి, ఎడమ సీట్లో కూర్చుని, ఉత్త పాదాలు కార్పెట్ మీద ఆనించింది. అటూ ఇటూ జరిపి చూసింది.

"పొడిగా ఉందండీ" అంది.

"సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూశాను. ఒక్క చుక్క లేదు. వెళ్ళి షట్టరు పైదాకా ఎత్తండి."

ఆయన స్టీరింగ్ మీద తల ఆనించాడు. ఎడమ తలుపు తీసే ఉంది, నేను దాని పక్కనే నిలబడ్డాను. తర్వాత తలెత్తి, కారు అద్దం కిందికి దించి, బయటికి చూస్తూ అడిగాడు.

"మట్టి వాసన వస్తోందా?"

జ్వరం తగ్గినప్పటినుంచీ ఆయన కారు పని కోసం కాకుండా ఒక వాసన గురించి నోరు తెరిచి అడగడం అదే మొదలు. పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"వస్తోంది" అంది. "ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే పీల్చుకున్నాను. ఏం బాగోలేదు."