ప్లైవుడ్ గోడలూ ఒక కెపాసిటరూ

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఎటు చూసినా ప్లైవుడ్ గోడలే. ఒక హాలును మూడు గదులుగా చీల్చి, ఒక దాంట్లో జావా, పక్కదాంట్లో డేటాబేస్, ఆ పైదాంట్లో ఇంకేదో చెప్పేవారు. అలాంటి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్లూ మైకులూ చూసుకునే పని నాది. నాకు డిగ్రీ లేదు. ఎలక్ట్రానిక్స్ అంతా పంజాగుట్ట దగ్గరి శాఖా గ్రంథాలయంలో చదివి నేర్చుకున్నాను. ఈ సంగతి ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ణి.

ఆ చదువు వల్ల ఊరు నాకు పొరలుపొరలుగా వినబడేది. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని కళ్లు మూసుకుంటే, అన్నిటికీ అడుగున బస్సుల గుర్రు నెమ్మదిగా పారేది. దాని మీద ఆటో హారన్లు తేలేవి. బాగా పైన, చాయ్ బండి దగ్గర కడుగుతున్న గ్లాసుల గలగల. ఎవరైనా లోపలినుంచి కిటికీ మూస్తే ఆ గదిలోవాళ్లకు ముందు గ్లాసులు మాయమవుతాయి, బస్సు మాత్రం మిగిలిపోతుంది. కిటికీ, తెర, గోడ ఏదైనా సర్క్యూట్ లాంటిదేనని నాకు తోచేది. కొన్ని కంపనాలకు దారి ఇస్తుంది, కొన్నిటిని గుమ్మంలోనే ఆపేస్తుంది. అలా అనుకుంటూ ఎంతసేపైనా కూర్చునేవాణ్ణి.

జావా చెప్పే మేడం గుంటూరు వైపునుంచి వచ్చారు. పాఠం బాగా చెప్పేవారు, కానీ మెత్తటి గొంతు. మా దగ్గర కొత్త బ్యాచ్‌కి మొదటి క్లాసు ఉచితం. దాన్ని డెమో అంటారు. నచ్చితే చేరతారు, లేదంటే మధ్యలోనే లేచి ఎదురు బిల్డింగ్‌లో ఇంకో డెమోకి వెళ్లిపోతారు. మేడం కిందటి డెమోలో వెనక బెంచీలన్నీ అలాగే ఖాళీ అయ్యాయి. పక్క గదిలో డేటాబేస్ సార్‌ది ఉరుము గొంతు. ఆయన మాటలు ప్లైవుడ్‌లోనే ఆగిపోయి, ఉరుమొక్కటే ఇవతలికి వచ్చేది. మేడం మైకు దాన్ని కూడా పట్టుకుని, స్పీకర్‌లో ఇంకా పెద్దది చేసి వినిపించేది.

ఇన్‌స్టిట్యూట్ ఓనర్ ఆమెను పిలిచి చెప్పాడు. “జర సమజ్ చేస్కోండి మేడం. రేపటి డెమోల సుత జనం లేచిపోతే బ్యాచ్ పక్క సార్‌కే ఇస్త. ఆయన జావా సుత చెప్తడంట.”

“కొత్తగా ఇవ్వడమెందుకండీ? ఇప్పటికే నా క్లాసులో ఆయనే వినబడుతున్నారు,” అన్నారు మేడం. నవ్వే అన్నారు గానీ, బయటికి వచ్చాక డస్టర్‌ని చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు.

“ఫికర్ చెయ్యకండి మేడం, ఆయన్ని నేను ఆపుత,” అన్నాను.

“ఎలా? నోట్లో గుడ్డ కుక్కుతావా తమ్ముడూ?”

“మైకు వైరుకు ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్ పెడ్త. మోటు శబ్దాలకు కెపాసిటర్ దారియ్యదు, సన్నటివాటికి ఇస్తది. లైబ్రరీల చదివిన.”

సూత్రం నాకు కంఠస్థం. మోటు శబ్దాల్ని ఎక్కడిదాకా కత్తిరించాలో లెక్క కట్టి, కోఠి బజారులో కొన్న ఆ రెండిటినీ చిన్న డబ్బాలో సోల్డర్ చేసి, మైకుకీ ఆంప్లిఫయర్‌కీ మధ్య పెట్టాను. ఆ సాయంత్రమే పక్క గదిలో సార్ ఉరుముతుండగా పరీక్షించాం. మేడం “హలో” అన్నారు. ఉరుము లేదు. స్పీకర్‌లో మాత్రం ఎవరో బొమ్మ ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు సన్నగా, పొడిగా ఒక గొంతు.

“ఆయన పోయారు, సరే. నేను కూడా పోయానే!” అన్నారామె.

లెక్క మళ్లీ చేశాను. తప్పు లేదు.

మరునాడు పొద్దున గ్రంథాలయం తలుపులు తీయకముందే గుమ్మం దగ్గర నిలబడ్డాను. సాయంత్రమే డెమో. పుస్తకం తెరిచి సూత్రం ఉన్న పేజీకి వెళ్లాను. ఇన్నాళ్లూ ఆ పేజీలో సూత్రం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. దాని కింద ఒక పేరా ఉంది. నేను చేసిన డబ్బాలాంటి ఫిల్టర్ తర్వాత ఏది తగిలిస్తే అది కూడా ఫిల్టర్‌లో భాగమే అవుతుందట. నా రెసిస్టర్ పక్కన ఆంప్లిఫయర్ తన సొంత నిరోధాన్ని కూడా తెచ్చి కలిపింది. అలా పక్కపక్కన కలిస్తే మొత్తం నిరోధం తగ్గుతుంది, అది తగ్గితే కత్తిరించే చోటు పైకి జరుగుతుంది. మేడం గొంతులో అడుగుభాగమంతా అలా కొట్టుకుపోయింది. పైన ఫ్యాన్ తిరుగుతోంది, పేపర్ చదివేవాళ్లు పేజీలు తిప్పుతున్నారు. ఒంటరిగా ఉండే సర్క్యూట్ అంటూ ఏదీ లేదని ఆ చప్పుడులో కూర్చుని అనుకున్నాను. పుస్తకం మూయబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం ఆంప్లిఫయర్‌ని కూడా లెక్కలోకి తీసుకుని, కత్తిరించే చోటు కిందికి దిగేలా ముందుదానికంటే పెద్ద కెపాసిటర్ పెట్టాను.

డెమోకి గది నిండింది. పక్క గదిలో సార్ మొదలుపెట్టాడు. ప్లైవుడ్‌కి చెయ్యి ఆనిస్తే వణుకు తెలుస్తోంది, స్పీకర్‌లో మాత్రం దాని జాడ లేదు. మేడం గొంతు వచ్చింది. ఇప్పుడు దానికి అడుగుంది, వెచ్చదనముంది. మా గదుల్లో ఏ స్పీకర్‌లోనూ ఆమెను అలా వినలేదు. నేను తలుపు దగ్గర ఓనర్ పక్కన నిలబడి వెనక బెంచీలనే చూస్తున్నాను. ఒకతను లేచాడు.

“మేడం, గా రెండో లైన్ చివర సెమీకోలన్ ఎందుకు పెట్టిన్రు?” అన్నాడు.

“పెట్టకపోతే ఏమవుతుందో చూద్దాం, అలాగే ఉండండి,” అని ఆమె బోర్డు వైపు తిరిగారు. అతను కూర్చున్నాడు.

ఓనర్ కాసేపు విని, “బ్యాచ్ మేడందే తియ్,” అని వెళ్లిపోయాడు. నేను ప్లైవుడ్‌కి తల ఆనించి అక్కడే ఉండిపోయాను. ఒక చెవిలో ఉరుము, ఇంకో చెవిలో ఆమె. కింద రోడ్డు మీద గ్లాసులు కడుగుతున్నారు.