చైనా మీద ఉండాల్సిన విమానం

మా ఆవిడ మొదటిసారి విమానం ఎక్కిన రోజున మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. ఆమె వ్యవసాయ శాస్త్రవేత్త. గోధుమ తెగుళ్ల మీద తను చేసిన పని గురించి మాట్లాడమని టోక్యో నుంచి పిలుపు వచ్చింది. "ఎనిమిది రోజులు పిల్లను ఎవరు చూస్తారు?" అన్నాను ముందురోజు. "మీరు ట్రైనింగని మూడు నెలలు వెళ్లినప్పుడు నేనిలా అడిగానా?" అంది. అంతటితో మాటలు ఆగిపోయాయి.

పొద్దున ఆరింటికి ఢిల్లీ పాలం విమానాశ్రయంలో దింపాను. పొగమంచులో ముందున్న టాక్సీ లైట్లు కూడా ఆనడం లేదు. "పాస్‌పోర్టు ఉందా?" అన్నాను. "ఉంది" అంది. అక్కడ పనిచేయదని సెల్‌ఫోను ఇంట్లోనే వదిలేసింది. ట్రాలీ తోసుకుంటూ లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి చూసిందో లేదో, నేను చూడలేదు.

జనక్‌పురిలోని మా ఇంటికొచ్చాక కాలు నిలవలేదు. మూడో క్లాసు చదివే మా అమ్మాయి గ్లోబు తెచ్చింది. ఢిల్లీ నుంచి టోక్యోకు దారం పట్టి కొలిచాం. సుమారు ఆరువేల కిలోమీటర్లు. గంటకు ఎనిమిది వందల చొప్పున ఏడున్నర గంటలు. విమానం తొమ్మిదింటికి. గంట గడిచినప్పుడల్లా మా అమ్మాయి దారం మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టేది.

"నాన్నా, అమ్మ అబ్ కహా హై?"

"హిమాలయాలు దాటుతోంది."

చెబుతున్నానే గానీ చూపంతా కిటికీ మీదే. పదకొండైనా ఎదుటి బ్లాకు కనిపించదు. ఇంత మంచులో ఎలా ఎగిరింది? ఎయిర్‌పోర్టు ఎంక్వైరీకి ఎన్నిసార్లు ఫోను చేసినా ఎంగేజే. పొయ్యి మీద పప్పు పెట్టి మాడ్చేశాను. పక్కింటి ఆంటీ పరాఠాలు తెచ్చి, "టెన్షన్ మత్ లో భయ్యా, పహుంచ్ జాయేగీ" అని, క్షేమంగా చేరుతుందిలే అన్నట్టు ధైర్యం చెప్పింది. వాటిని అమ్మాయికి పెట్టాను.

రెండున్నరకు ఫోను మోగింది. మా లెక్క ప్రకారం ఆమె చైనా మీద ఉండాలి.

"నేనే" అంది.

"ఎక్కడున్నావు?"

"పాలంలోనే. పొద్దుట్నించీ విమానంలోనే కూర్చోబెట్టి, మంచు తగ్గలేదని ఇప్పుడే దింపారు. సాయంత్రం తీసుకెళ్తారట. ఈ ఫోను కోసం నా వెనక పెద్ద లైనుంది, పెట్టేస్తున్నా."

"ఉండు, వస్తున్నాం."

"వచ్చి ఏం చేస్తారు? ఇమిగ్రేషన్ అయిపోయింది. బయటికి రానివ్వరు."

అయినా ఆటో ఎక్కాం. గేటు దగ్గర గార్డు ఆపేశాడు. అమ్మాయి అద్దానికి ముక్కు ఆనించి చూసింది. ఎక్కడ నిలబడాలో తెలియక ఈ గేటుకూ ఆ గేటుకూ తిరిగాం. ఐదింటికి నా సెల్ మోగింది.

"ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నిజంగానే వచ్చేశారా?"

"బయటే ఉన్నాం. నిన్న నేనా మాట అని ఉండకూడదు."

 

"ఇది పొద్దున్నే అని ఉంటే ఆ సీట్లో హాయిగా నిద్రపోయేదాన్ని" అంది. 

అమ్మాయి ఫోను లాక్కుంది. "మమ్మీ, చైనా నుంచి వాపస్ వచ్చేశావా?"

ఏడింటికి ఒక విమానం లేచిన చప్పుడు వినిపించింది. అది ఆమెదో కాదో తెలియలేదు. మరో రెండు లేచేదాకా అక్కడే నిలబడ్డాం.

మర్నాడు పొద్దున టోక్యో నుంచి చేసింది. తను చేరింది, సూట్‌కేసే ఇంకా రాలేదు. కట్టుకున్న చీరతోనే మాట్లాడేస్తానంది. మాట్లాడింది కూడా.